చిలీ సైబర్‌సిన్: దేశాన్ని కంప్యూటరే నడిపిందా?

"అధ్యక్షుడు అయెందే కాలంలో చిలీ ఆర్థిక వ్యవస్థను కంప్యూటర్‌తో నడిపారంటారు, నిజమేనా? పనిచేసిందా?" అని అడిగారు. కంప్యూటర్‌తో నడపలేదు. పనిచేసిన మాట మాత్రం నిజం. అయితే పనిచేసింది టెలెక్స్, అంటే టైపు చేసిన కబుర్లను తీగల మీద పంపే యంత్రాల వల.

జాతీయం చేసిన పరిశ్రమల్ని కోర్ఫో అనే ప్రభుత్వ సంస్థ చూసుకునేది. అక్కడి యువ ఇంజనీరు ఫెర్నాండో ఫ్లోరెస్ వాటి నిర్వహణకు సాయం కోరుతూ 1971లో బ్రిటిష్ సైబర్నెటిక్స్ (వ్యవస్థలు తమను తాము ఎలా అదుపు చేసుకుంటాయో చూసే శాస్త్రం) నిపుణుడు స్టాఫర్డ్ బీర్‌కి ఉత్తరం రాశాడు. అలా రూపుదిద్దుకున్నదే సైబర్‌సిన్. ఫ్యాక్టరీల నుంచి టెలెక్స్‌లో వచ్చే అంకెలు రాజధాని శాంటియాగోలోని మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్‌కి ఎక్కేవి.

ఆ అంకెల లెక్క తెలిస్తే రాజకీయం కూడా తెలుస్తుంది. ఉదాహరణకి ఒక మిల్లు ఇవాళ 60 బేళ్లు తీసింది. ఉన్న యంత్రాలతో, ఉన్న ఇబ్బందులతో 80 తీయగలదు. ఇబ్బందులు తొలగిస్తే 100. 60ని 80తో భాగిస్తే 0.75, అది ఉత్పాదకత. 80ని 100తో భాగిస్తే 0.8, అది ఇంకా వాడుకోని శక్తికి కొలత. రెండూ గుణిస్తే 0.6, మొత్తం పనితీరు. మొదటిది పడిపోతే లోపం మిల్లు లోపలే వెతకాలి. రెండోది తక్కువుంటే పెట్టుబడి పెట్టేవాళ్లు కదలాలి. బేళ్లు, టన్నులు పోయి ఉత్త నిష్పత్తి మిగులుతుంది కాబట్టి సిమెంటునీ బట్టనీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

అంకె తేడా కొడితే అది మామూలు హెచ్చుతగ్గా, నిజమైన మార్పా అని సైబర్‌స్ట్రైడ్ ప్రోగ్రామ్ తేల్చేది. నిజమైన మార్పే అయితే కబురు ముందు ఫ్యాక్టరీకే. సరిచేసుకోవడానికి గడువు ఉంటుంది. అది దాటితేనే పైస్థాయికి వెళ్తుంది. కింది వాళ్ల స్వేచ్ఛంతా ఆ గడువులోనే ఉంది. నన్నడిగితే మొత్తం రూపకల్పనలో గొప్ప ఆలోచన ఇదే.

దెబ్బతిన్నది వేగం దగ్గర. ఒక సిమెంటు కంపెనీ అధికారి బొగ్గు కొరత పసిగట్టి, గనికి స్వయంగా వెళ్లి సర్దుకొచ్చాడు. కొరత రావచ్చన్న హెచ్చరిక నివేదిక ఆ తర్వాత కొన్ని రోజులకి చేరింది! అంకెలు చూసి నిర్ణయాలు తీసుకోవడానికి కట్టిన, ఫొటోల్లో మెరిసే ఏడు కుర్చీల గది కూడా నమూనాగానే మిగిలింది. తెరల మీది పటాలు చేత్తో గీసిన స్లైడ్లు.

1972 అక్టోబరులో లారీ యజమానులు సమ్మె కట్టినప్పుడు మాత్రం టెలెక్స్ వల దేశానికి అక్కరకొచ్చింది. ఏ దారి తెరిచి ఉంది, ఏ సరుకు ఎక్కడ ఆగింది అన్న కబుర్లు రాత్రింబవళ్లు నడిచాయి. ప్రభుత్వం చేతిలో మిగిలిన సుమారు 200 లారీలను వాటిని బట్టే తిప్పారు. అందుకు మెయిన్‌ఫ్రేమ్ లెక్కలతో పనే పడలేదు.

అసలు లోటు వేరే ఉంది, అది నాకు ఇప్పటికీ బాధే. ఫ్యాక్టరీ నమూనా కార్మికులే గీయాలని బీర్ ఆశ. జరిగింది మాత్రం ఇంజనీర్లు వెళ్లి, ఎక్కువగా మేనేజర్లతో కూర్చుని ఏవేవి కొలవాలో తేల్చేసుకోవడం. మగ్గం దగ్గర నిలబడేవాడిని అడిగింది అరుదు. దాన్ని సరిదిద్దుకునే వ్యవధి కూడా లేకుండా 1973 సెప్టెంబరు 11న సైనిక కుట్ర వచ్చిపడింది.

మీ సహకార సంఘంలో ఇలాంటిది పెట్టాలనుకుంటే సాఫ్ట్‌వేర్ తర్వాత చూద్దురుగాని. ముందు పనిచేసేవాళ్లను కూర్చోబెట్టి ఏం కొలవాలో, ఎంత గడువు కావాలో వాళ్ల చేతే రాయించండి. మొదటి నెల కాగితం మీదే పై మూడు నిష్పత్తులు వెయ్యండి. "తీయగలం" అన్న అంకె దగ్గర తగువు వస్తుంది. దాన్ని అక్కడే తెగేదాకా మాట్లాడుకోండి, పైవాళ్ల చేత పూరింపించొద్దు.