ఆయా తన పాపను వెంట తెచ్చుకుంటే జీతం తగ్గించాలా?

ప్రశ్న: మా బాబుకు 14 నెలలు. మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్తాం కాబట్టి, వారానికి ఐదు రోజులు, రోజుకు 9 గంటలు ఒక ఆయా వాడిని చూసుకుంటున్నారు. ఆమె చేరి ఏడాది అయింది. ఆమె రెండేళ్ల పాపను ఇన్నాళ్లూ అమ్మమ్మ చూసేవారు. ఇప్పుడు ఆ పెద్దావిడ ఆరోగ్యం దెబ్బతినడంతో, పాపను తనతో తెచ్చుకోవచ్చా అని ఆయా అడిగారు. పనిలో ఆమెకు వంక పెట్టలేం కనుక సరేనన్నాం. అయితే ఆమెకు క్రెష్ ఖర్చు తప్పుతుంది కాబట్టి జీతంలో మూడో వంతు తగ్గించడం న్యాయమేనని మా వారు అంటున్నారు. నాకది సబబుగా తోచడం లేదు గానీ, ఎందుకో లెక్క వేసి చెప్పలేకపోతున్నాను. ఎంత తగ్గించవచ్చు? మాకు కొత్తగా ఏ ఖర్చులు వస్తాయి?

జవాబు: మీకు సబబుగా తోచకపోవడానికి కారణం లెక్కలోనే ఉంది. మీ వారు ఆమెకు ఎంత మిగులుతుందో చూస్తున్నారు. జీతం నిర్ణయించవలసింది మీకు అందే పనిలో ఎంత తగ్గుతుందో చూసి. ఈ రెండు మొత్తాలకూ సంబంధం లేదు. ఒక ఉద్యోగి ఆఫీసుకు దగ్గరగా ఇల్లు మారి ప్రయాణ ఖర్చు తగ్గించుకుంటే, ఆ మేరకు అతని జీతం కోయాలని ఏ యాజమాన్యమూ అనుకోదు. పైగా ఇంతవరకు అమ్మమ్మే పాపను చూశారు కాబట్టి, ఆయా క్రెష్‌కు కడుతున్నదీ లేదు, ఇప్పుడు కొత్తగా మిగుల్చుకునేదీ లేదు. మరొక మాట కూడా గమనించండి: క్రెష్ తీసుకునే రుసుములో అత్యధిక భాగం అక్కడ పిల్లల్ని చూసేవారి శ్రమకు వెళ్తుంది. మీ ఇంట్లో ఆ పాపను చూసేది ఆమె తల్లే. మీరు ఇస్తున్నది చోటు మాత్రమే. కనుక క్రెష్ ధరను ఆమె జీతం నుంచి మినహాయించుకుంటే, ఆమె శ్రమకు ఆమె దగ్గరే డబ్బు వసూలు చేసినట్టవుతుంది.

ఇప్పుడు మీ వైపు లెక్క చూద్దాం. ఆమె నెల జీతం 100 అనుకుందాం. రోజుకు 9 గంటల పనిలో ఒక గంట పని పూర్తిగా ఆగిపోతే, తగ్గిన విలువ సుమారు 11. ఆ ప్రకారం మూడో వంతు కోత అంటే, పాప వచ్చినందువల్ల రోజూ మూడు గంటలసేపు మీ బాబును ఎవరూ చూడడం లేదని అర్థం. నిజంగా అలా జరిగే పరిస్థితి ఉంటే, మీరు జీతం సంగతి కాదు, బాబు భద్రత సంగతి ఆలోచించాలి. అలా జరగదని నమ్మబట్టే మీరు ఒప్పుకున్నారు. వాస్తవంగా తగ్గేది సాధారణంగా పక్క పనులు: బాబు బట్టలు ఉతికి మడతపెట్టడం, వాడు నిద్రపోయిన వేళ గది సర్దడం వంటివి. పిల్లలిద్దరూ ఒకే వేళకు నిద్రపోకపోతే ఆమెకు ఆ ఖాళీ సమయం దొరకదు. ఇద్దరినీ ఒక్కరే బయటికి తీసుకువెళ్లడం కూడా కొంతకాలం తగ్గుతుంది. ఈ మార్పులు మీకు ఎంత ముఖ్యమో మీరే చెప్పగలరు. నా అభిప్రాయంలో వీటిని డబ్బుతో సరిచేయడం కంటే, ఏ పనులు ఉంచాలో, ఏవి మీరే చేసుకోగలరో ఆమెతో కూర్చుని నిర్ణయించుకోవడం మేలు.

కోత పెడితే ఆమె మానేసే అవకాశాన్ని కూడా లెక్కలో చేర్చాలి. 100తో నడిచే ఇల్లు ఒక్కసారిగా 67తో నడవవలసి వస్తే, ఎవరైనా మరో పని వెతుక్కుంటారు. మీ ఇద్దరిలో ఒకరి నెల సంపాదన ఆయా జీతానికి రెండున్నర రెట్లు, అంటే 250 అనుకుందాం. కొత్త మనిషి దొరికేవరకు ఆ ఒక్కరు రెండు వారాలు జీతం లేని సెలవు పెట్టవలసి వస్తే పోయేది దాదాపు 125. నెలకు 33 చొప్పున మిగిల్చుకున్నది దాదాపు నాలుగు నెలలకు గానీ ఆ నష్టాన్ని పూడ్చదు. కొత్త ఆయా ఇంతకన్నా ఎక్కువ జీతం అడగవచ్చు. పాత మనిషికి అలవాటుపడిన పసివాడు కొత్త మనిషికి అలవాటు కావడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. అవేవీ నేనిక్కడ కలపలేదు.

చట్టం వైపు కూడా ఒక మాట. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఆమోదించిన 189వ ఒడంబడిక గృహ కార్మికులకు సంబంధించినది. పాపకు చోటిచ్చామని జీతం తగ్గించడమంటే, ఆ మేరకు డబ్బుకు బదులు సదుపాయం ఇచ్చామని అనడమే. దాని 12వ అధికరణం జీతంలో పరిమిత భాగాన్ని మాత్రమే ఇలా వస్తు రూపంలో, అంటే డబ్బు కాకుండా మరో రూపంలో, చెల్లించడానికి చోటిస్తుంది. అందుకు కూడా కార్మికురాలు సమ్మతించాలి, అది ఆమె సొంత ఉపయోగానికి రావాలి, దానికి కట్టిన విలువ న్యాయంగా ఉండాలి. మీ దేశం ఈ ఒడంబడికను ధ్రువీకరించినా, ధ్రువీకరించకపోయినా, కనీస వేతన నిబంధన గృహ కార్మికులకు వర్తిస్తుందో లేదో, కోత తరువాత మిగిలే జీతం దానికి దిగువకు పోతుందో చూసుకోండి. సామాజిక భద్రత చందాలు, పని ముగిసినప్పుడు వచ్చే మొత్తాలు మూల జీతం మీద లెక్కగట్టే చోట, ఈరోజు పెట్టిన కోత ఆమె ముసలితనం దాకా వెంటాడుతుంది. ఈ కారణం ఒక్కటి చాలు, మూల జీతం జోలికి వెళ్లవద్దని నేను గట్టిగా చెప్పడానికి.

కనుక నా సలహా ఇది. మొదటి మూడు నెలలు జీతం యథాతథంగా ఇవ్వండి. ఆ తరువాత నిజంగా ఏదైనా పని ఆగిపోయిందని ఇద్దరికీ అనిపిస్తే, ఆ పనికి పట్టే సమయం మేరకు రాబోయే జీతం పెంపులో కొంత తగ్గించే విషయం మాట్లాడుకోవచ్చు. అది కూడా ఆమె ఒప్పుకుంటేనే. జీతంలో పదో వంతుకు మించిన సర్దుబాటును నేను సమర్థించలేను. సర్దుబాటు ఏదైనా మూల జీతంలో కలపకుండా విడిగా రాసి, పాప రావడం మానిన నెలలోనే అది రద్దవుతుందని కూడా అక్కడే రాయండి.

మీకు వచ్చే కొత్త ఖర్చులు పెద్దవేమీ కావు. పాప భోజనం మీరే పెడితే ఆ ఖర్చు, ఇద్దరికీ సరిపడా ఆట వస్తువులు, మెట్ల దగ్గర అడ్డు గేటు, బయటికి వెళ్లేందుకు ఇద్దరు పిల్లలు కూర్చునే తోపుడు బండి. భోజనం మీరే పెట్టడం మంచిదని నా ఉద్దేశం. ఒకే గదిలో ఇద్దరు పసిపిల్లలకు రెండు రకాల తిండి పెట్టడం ఆ తల్లికి ఎంత కష్టమో ఆలోచించండి. ఇంటి బీమా ఉంటే, ఇంట్లో బయటివారికి గాయమైతే వచ్చే బాధ్యత అందులో ఉందో లేదో, పనిచేసేవారి పిల్లలకు అది వర్తిస్తుందో లేదో బీమా సంస్థను రాతపూర్వకంగా అడగండి.

అసలు ఖర్చు జబ్బు రోజులతో వస్తుంది. ఒకరికి జలుబు చేస్తే రెండో బిడ్డకూ అంటుతుంది. పాపకు జ్వరం వస్తే ఆయా రాలేరు, అప్పుడు మీలో ఒకరు సెలవు పెట్టాలి. ఏడాదికి ఇలాంటి ఎన్ని రోజులకు ఆమెకు జీతంతో సెలవు ఇస్తారో ముందే నిర్ణయించండి. లేకపోతే జీతం పోతుందన్న భయంతో ఆమె జ్వరంతో ఉన్న పాపనే తీసుకువస్తారు. మీ అత్యవసర నిధిలో ఒక నెల ఆయా జీతానికి సమానమైన మొత్తాన్ని దీనికోసం విడిగా ఉంచుకోండి.

ఇంకో సంవత్సరంలోనో రెండేళ్లలోనో పాప బడికి వెళ్తుంది. చాలామంది ముందుగా ఆలోచించని విషయం ఇదే. చిన్నపిల్లల బడి సగం పూటకే అయిపోతే, పాపను తీసుకురావడానికి మీ బాబును వెంటబెట్టుకుని ఆమె పని వేళలోనే వెళ్లాలి. ఆ ప్రయాణానికి ఏ వాహనం, ఎవరి ఖర్చు, బడి సెలవుల్లో పాప తిరిగి మీ ఇంటికే వస్తుందా అన్నవి ఇప్పుడే మాట్లాడుకోండి.

ఇవన్నీ ఒక కాగితం మీద పెట్టండి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021 నివేదిక అంచనా ప్రకారం ప్రపంచంలో ఏడున్నర కోట్లకు పైగా గృహ కార్మికులు ఉన్నారు. వారిలో పదిమందికి ఎనిమిది మంది ఏ సామాజిక రక్షణా లేని అనధికారిక పనిలోనే ఉన్నారు. మీ ఆయా విషయంలో ఆ లోటు తీర్చడం మీ చేతిలో ఉంది. పని గంటలు, జీతం, సెలవులు, భోజనం, పాపకు దెబ్బ తగిలితే ఎవరికి ఫోన్ చేయాలి, ఏర్పాటు నచ్చకపోతే ఎన్ని వారాల ముందు చెప్పాలి అన్నవన్నీ ఆమెకు అర్థమయ్యే భాషలో రాసి, ఒక ప్రతి ఆమెకు ఇవ్వండి. ఈ మాటలు మాట్లాడేటప్పుడు మీ వారు కూడా పక్కన ఉండాలి. జీతం మారడం లేదన్న మాట మొదటే చెప్పండి. ఆ భయం తీరిన తరువాతే, ఇద్దరు పిల్లలతో ఏ పని కష్టమవుతుందో ఆమె మీకు దాచకుండా చెప్పగలుగుతారు.