పీహెచ్ మీటర్ కవర్ తీశాక కోర్సు సంగతి చూద్దాం

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ ఫైనలియర్. ఓ ఫార్మా కంపెనీలో క్యూసీ (నాణ్యత పరీక్ష) ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్తే, పీహెచ్ (ఆమ్లత్వం) కొలిచే ఎలక్ట్రోడ్‌ను ఎందులో ఉంచుతారు, స్లోప్ అంటే ఏమిటి అని అడిగారట. చెప్పలేకపోయింది. ఎలక్ట్రోకెమిస్ట్రీలో తనకు మంచి మార్కులే వచ్చాయి. హైదరాబాద్ పంపి ఇన్‌స్ట్రుమెంటేషన్ కోర్సు చేయించమంటారా? - ఒక తండ్రి, అనకాపల్లి

జవాబు: ఇప్పుడే ఫీజు కట్టకండి. మీ అమ్మాయికి నెర్న్‌స్ట్ సమీకరణం (అయాన్ల గాఢతకూ ఎలక్ట్రోడ్ వోల్టేజీకీ ఉన్న లెక్క) వచ్చు. అది ఎలక్ట్రోడ్ చివరి గాజు బుడ్డిలో ఎక్కడుందో ఎవరూ చూపించలేదు, అంతే. చాలా డిగ్రీ కాలేజీల్లో పీహెచ్ మీటర్ బీరువాలో ఉంటుంది, ప్రాక్టికల్ పరీక్ష రోజు బయటికొస్తుంది. అప్పటికి ఎలక్ట్రోడ్ ఎండిపోయి ఉంటుంది.

ఇంటర్వ్యూలో అడిగిన రెండూ మంచి ప్రశ్నలే. ఒక ఎలక్ట్రోడ్ పొటెన్షియల్‌ను విడిగా కొలవలేం. చప్పట్లకు రెండు చేతులు కావాల్సినట్టే ఇక్కడా రెండు ఎలక్ట్రోడ్లు కావాలి. ద్రావణంలోని హైడ్రోజన్ అయాన్లను బట్టి గాజు పొర దగ్గర పొటెన్షియల్ మారుతుంది. పక్కనే సిల్వర్-సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్స్ మారకుండా ఉంటుంది. మీటర్ చూపేది ఆ రెండింటి తేడా. ఇప్పుడు వాడే కాంబినేషన్ ఎలక్ట్రోడ్‌లో రెండూ ఒకే గొట్టంలో ఉంటాయి. రిఫరెన్స్ వైపున్న పొటాషియం క్లోరైడ్ సన్నటి జంక్షన్ గుండా కొద్దికొద్దిగా ఊరుతూ సర్క్యూట్‌ను కలుపుతుంది. అందుకే ఎలక్ట్రోడ్‌ను 3 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో ఉంచుతారు. డిస్టిల్డ్ వాటర్‌లో ఉంచితే లోపలి ఉప్పు బయటికి పోయి రీడింగ్ నిలకడగా రాదు.

ఇక స్లోప్. పీహెచ్ మారితే వోల్టేజీ ఎంత మారుతుందన్నదే స్లోప్. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ ఒక యూనిట్ మారితే 59.16 మిల్లీవోల్టులు మారాలి. ఇది నెర్న్‌స్ట్ చెప్పిన లెక్కే. 7.00, 4.01 బఫర్ల (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాల) మధ్య సుమారు 177 మిల్లీవోల్టుల తేడా రావాలి. 170 వచ్చిందంటే స్లోప్ రావాల్సిన దానిలో 96 శాతం. సాధారణంగా 95 నుంచి 105 శాతం వరకు ఒప్పుకుంటారు. మన వేసవిలో ల్యాబ్ 35 డిగ్రీలుంటే ఆ 59.16 కాస్తా 61.1 అవుతుంది. పక్కన టెంపరేచర్ ప్రోబ్ పెట్టేది అందుకే.

అమ్మాయిని రెండు మూడు మధ్యాహ్నాలు ల్యాబ్ అసిస్టెంట్‌ను బతిమాలుకోమనండి. మీటర్‌ను మిల్లీవోల్ట్ మోడ్‌లో పెట్టి మూడు బఫర్లలో రీడింగ్‌లు రాసుకుని, గ్రాఫ్ గీసి, స్లోప్ తనే లెక్కగట్టాలి. బుడ్డిని టిష్యూతో రుద్దకూడదు, అద్దాలి. రుద్దితే స్టాటిక్ చార్జ్ వల్ల రీడింగ్ ఊగుతుంది. స్లోప్ 88 శాతం వస్తే 88 అనే రాయమనండి. ‘తప్పు వస్తే ఏం చేశావు?’ అని ఇంటర్వ్యూలో అడిగితే చెప్పడానికి అప్పుడు తన దగ్గర నిజంగా ఒక కథ ఉంటుంది.

ఆ తర్వాత కార్ల్ ఫిషర్ చదవాలి. ముడిసరుకులో నీటి శాతం చూసే ఈ టైట్రేషన్ ఫార్మా క్యూసీలో రోజువారీ పని. అందులో జంట ప్లాటినం ఎలక్ట్రోడ్ ఎండ్‌పాయింట్‌ను ఎలా పసిగడుతుందో తెలియాలి. కండక్టివిటీ (ద్రావణంలో కరెంటు ఎంత బాగా పారుతుందో) కొలవడానికి ఏసీ కరెంటే ఎందుకు వాడతారో కూడా చూసుకోవాలి. డీసీ ఇస్తే ఎలక్ట్రోడ్లు పోలరైజ్ అయి (వాటి దగ్గర చార్జ్ పేరుకుని) రీడింగ్ తప్పుతుంది.

ఈ పని తనకు నచ్చితే ఎమ్మెస్సీ దారి ఎలాగూ ఉంది. ఐఐటీ జామ్ గానీ, ఏపీ పీజీసెట్ గానీ రాయొచ్చు. ఎలక్ట్రోడ్ల మీదే పరిశోధన చేయాలనిపిస్తే తమిళనాడు కారైక్కుడిలో సీఎస్ఐఆర్ వారి సెక్రి సంస్థ దానికోసమే ఉంది.

కోర్సు మీద డబ్బు పెట్టాలనుకుంటే హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) కోసం పెట్టండి. అది చాలా కాలేజీల్లో ఉండదు. చేరే ముందు ఒక్క మాట అడగండి: మెషీన్ మా అమ్మాయి నడుపుతుందా, పక్కన నిలబడి చూస్తుందా?