పారిస్ పేస్ట్రీ బడికి బయలుదేరుతున్న అమ్మాయికి

తిరుపతి

చిరంజీవి అమ్మాయికి మీ పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

సెప్టెంబరులో పారిస్‌లోని పేస్ట్రీ బడిలో చేరుతున్నావని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నా మనసు అక్కడే తిరుగుతోంది. ఇరవై ఏళ్ల క్రితం అదే చదువు కోసం అదే ఊరిలో దిగినప్పుడు నాకు ఇది చెయ్యి, ఇది వద్దు అని చెప్పేవారు లేరు. ఇప్పుడు ఇక్కడ బేకరీ నడుపుకుంటున్నాను గనుక, ఆ ఏడాదిలో దెబ్బలు తిని నేర్చుకున్నవాటిలో నీకు అక్కరకు వచ్చేవి రాస్తున్నాను.

ముందు గది సంగతి. అద్దె తక్కువని ఊరి అంచున తీసుకోవద్దు. పేస్ట్రీ వంటశాలల్లో పని తెల్లవారకముందే మొదలవుతుంది, మెట్రో తొలి బండ్లేమో ఉదయం 5.30 ప్రాంతంలో గాని కదలవు. గది చిన్నదైనా సరే, నడిచి పోగలిగినంత దూరంలో ఉండాలి. దిగిన 3 నెలల లోపు నీ వీసాను ఆన్‌లైన్‌లో ధ్రువీకరించుకో. విద్యార్థులు ఏడాదికి 964 గంటల వరకు పని చేసుకోవచ్చు గాని, మొదటి ఆరు నెలలు ఆ జోలికి పోవద్దని నా మాట. రోజంతా నిలబడి పనిచేసిన కాళ్లకు సాయంత్రం విశ్రాంతి కావాలి. బూట్ల దగ్గర మాత్రం పొదుపు చేయకు.

ఇక అసలు విషయం. అక్కడివారి వేగం, ఫ్రెంచి మాటలు చూసి నాకేమీ రాదని బెదిరిపోతావు. నేనూ బెదిరి, నెల రోజులు వెనుక వరుసలోనే నిలబడ్డాను. ఒకనాడు చక్కెర పాకం పాఠం వచ్చింది. సంక్రాంతి అరిసెలకు మీ అమ్మమ్మ పాకం చుక్కను పళ్లెంలోని చన్నీళ్లలో వేసి, వేళ్లతో దగ్గరకు తీసి, మెత్తని ఉండ కట్టాకే పిండి పోయమనేది, గుర్తుందా? పక్కన కూర్చుని ఆ పళ్లెం పట్టుకున్నది నీవే. మా గురువు కూడా చన్నీళ్లలో వేళ్లు ముంచి సరిగ్గా అదే చేశాడు. ఆ దశను వారు ‘పెటీ బూలే’ అంటారు, అంటే చిన్న ఉండ కట్టినది అని. థర్మామీటరు మీద అది 115 నుంచి 118 డిగ్రీలు. చన్నీళ్లలో వేసి విరిస్తే గాజులా ఫటుక్కుమనే ముదురు పాకం ‘గ్రాన్ కాసే’, సుమారు 150 డిగ్రీలు. ఆ రోజు నాకు కళ్లు చెమర్చాయి. నీ చేతికి ఇప్పటికే తెలిసినవి చాలా ఉన్నాయి, వాటికి అక్కడ ఏ పేరుందో, ఏ అంకె ఉందో కనుక్కుని రోజూ నోటుపుస్తకంలో రాసుకో.

అంకె అని ఊరికే అనడం లేదు. మన ఇళ్లలో గుప్పెడు, చిటికెడు అంటూ చేతి కొలతతో వండుతాం. తిరుమల శ్రీవారి వంటశాల అయిన పోటులో అలా కుదరదు గనుకనే ప్రసాదాలకు దిట్టం ఉంది, ఇన్ని లడ్లకు ఇంత శనగపిండి, ఇంత నెయ్యి, ఇంత కలకండ అని. పేస్ట్రీ అంతా దిట్టంతో నడిచే వంట. గుడ్లను కూడా లెక్కపెట్టకుండా, పగలగొట్టి గ్రాముల్లో తూస్తారు. పని మొదలుపెట్టక ముందే అన్నీ తూచి, వరుసగా పెట్టుకుని, కాటా తుడిచి పక్కన పెట్టు. నీ బల్ల చూస్తేనే గురువుకు నీవు ఎలాంటి విద్యార్థివో తెలుస్తుంది.

వెన్న గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన ఊరి ఎండలో పెరిగినవారు తప్పు చేసేది అక్కడే. క్రోసాం అంటే పొరలు పొరలుగా వచ్చే వెన్న రొట్టె. దాని పిండిలో వెన్న పలకను పెట్టి, మూడు మడతల చొప్పున మూడుసార్లు మడిస్తే వెన్న 27 పొరలు అవుతుంది. ఆ పొరలు నిలవాలంటే పిండీ వెన్నా ఒకే తీరుగా వంగాలి. కరిగిపోతుందేమోనన్న భయంతో నేను వెన్నను ఫ్రిజ్‌లో గట్టిపడేదాకా ఉంచాను. కర్రతో ఒత్తుతుంటే లోపల చిటపటమని చప్పుడైంది. పిండి కింద వెన్న ఎండిన చెరువు మట్టిలా పగిలిపోయింది. ఓవెన్‌లో ఆ వెన్నంతా ట్రేలోకి కారి, నా క్రోసాంలు బన్నుల్లా వచ్చాయి. గురువు ఏమీ అనకుండా ఒకదాన్ని మధ్యకు కోసి నా ముందు పెట్టాడు. వెన్న పలకను అప్పడాల కర్ర మీద వేసి వంచు. విరగకుండా, వేలికి అంటకుండా వంగితే అదే అదను. మడతలకు దొరికితే 84 శాతం కొవ్వు ఉన్న వెన్న అడుగు, మామూలు వెన్నలో 82 శాతమే ఉంటుంది.

మన ఇంట్లో గుడ్డు వాడరు గనుక ఏది రుచి చూస్తావో, ఏది చూడవో బయలుదేరకముందే తేల్చుకుని, మొదటి రోజే గురువుకు చెప్పు. నేను గుడ్డు ఉన్నవి రుచి చూశాను. మూస్‌లు అనే నురుగులాంటి మెత్తని తీపి వంటకాల్లో గట్టిపడటానికి వేసే జెలటిన్ పంది లేదా పశువుల చర్మం, ఎముకల నుంచి తీస్తారు గనుక వాటిని మాత్రం చేశానే తప్ప నోట పెట్టలేదు. అందుకు నన్నెవరూ తక్కువగా చూడలేదు. వేడి గిన్నెతో నడిచేటప్పుడు ‘షో’ (వేడి) అని, ఎవరి వెనుక నుంచైనా వెళ్లేటప్పుడు ‘దెరియేర్’ (వెనుక) అని గట్టిగా అరవాలి. మొహమాటపడితే ఎవరికో ఒళ్లు కాలుతుంది.

ఇల్లు మరీ గుర్తుకొచ్చిన ఆదివారం పారిస్‌లోనే ఉన్న లా షపెల్ పేట వైపు పో. అక్కడి తమిళుల దుకాణాల్లో కరివేపాకు, చింతపండు దొరుకుతాయి. చిత్తూరు పిల్లవు గనుక తమిళంలోనే బేరమాడుకోవచ్చు. మీ అమ్మకు ఫోను పొద్దున పనికి పోతూ చెయ్యి. నీకు ఐదయ్యేసరికి ఇక్కడ వేసవిలో ఎనిమిదిన్నర, చలికాలంలో తొమ్మిదిన్నర అవుతుంది.

నీవు చేసిన మొదటి క్రోసాంను మధ్యకు కోసి, ఆ కోసిన వైపు ఫొటో తీసి నాకు పంపించు. పై రంగు మాత్రమే చూసి నేను ఏమీ చెప్పలేను.

ఇట్లు,
మీ పెద్దమ్మ