మనకే సగం వచ్చినప్పుడు జూనియర్లకు డేటా అనాలిసిస్ నేర్పవచ్చా?

పీహెచ్‌డీ రెండో ఏడు, డేటా లెక్కలకు వాడే ఆర్ ప్రోగ్రామింగ్ భాష అంతంత మాత్రమే వచ్చు, అయినా ల్యాబ్‌లో జూనియర్లు నేర్పమని వెంటపడుతున్నారు, ఒప్పుకోవాలా వద్దా అని కదా మీ ప్రశ్న. ఒప్పుకోండి. నాది ఆగ్రానమీ, అంటే పంటల సాగు శాస్త్రం. ఎమ్మెస్సీ పిల్లలు నలుగురికి శనివారం మధ్యాహ్నాలు గంటన్నర చొప్పున చెప్పడం మొదలుపెట్టినప్పుడు నా పరిస్థితీ ఇంతే. "ముందు నీ థీసిస్ సంగతి చూసుకో" అని మా గైడ్ విసుక్కున్నారు కూడా.

మొదట్లో నేను చేసిన తప్పు చెప్తాను. అందరూ వాడే ఐరిస్ పూల డేటాతో మొదలుపెట్టాను. స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త ఫిషర్ 1936లో వాడిన 150 పూల కొలతలు అవి. అందులో ఒక్క గడి కూడా ఖాళీ ఉండదు, ఏ కమాండ్ కొట్టినా చక్కగా నడుస్తుంది. అందరూ తలలూపారు. సోమవారం ఎవరి ఫైల్ వాళ్లు తెరిచేసరికి ఒక్కరికీ చేతకాలేదు.

తర్వాతి శనివారం నుంచి ఎవరి డేటా వాళ్లనే తెమ్మన్నాను. ఒకమ్మాయిది వేరుశనగ ప్రయోగం. రెప్లికేషన్ (అదే ప్రయోగం ఎన్నోసారి వేసిందన్నది) నంబరు, ట్రీట్‌మెంట్ (ఆ ప్లాటుకు ఏం చేసిందన్నది) నంబరు కలిపి ప్లాట్లకు 1-2, 3-4 అని పేర్లు పెట్టుకుంది. ఎక్సెల్ వాటిని ఫిబ్రవరి 1, ఏప్రిల్ 3 చేసేసింది. కంగారుపడి ఆ కాలమ్‌ని నంబర్‌గా మార్చింది, నలభై ఐదు వేల పైచిలుకు అంకెలు వచ్చాయి! పాపం, ఏడుపొక్కటే తక్కువ. ఫీల్డ్ నోట్‌బుక్ దగ్గర పెట్టుకుని ఆ కాలమ్ మొత్తం మళ్లీ కొట్టుకోవాల్సి వచ్చింది, ఈసారి ఆర్1టీ2 అన్న పద్ధతిలో. ఈ ఎక్సెల్ గోల తట్టుకోలేకే మనుషుల జన్యువులకు పేర్లు పెట్టే కమిటీ సెప్ట్1, మార్చ్1 లాంటి పేర్లనే మార్చేసిందని, 2020లో ఆ సంగతి బయటికొచ్చిందని చెప్తే కాస్త నవ్వింది.

అదే ఫైల్‌లో ఇంకోటి కూడా దొరికింది, నిజానికి ఇదే ప్రమాదం. ఐదు ట్రీట్‌మెంట్లకు 1 నుంచి 5 దాకా అంకెలు వేసింది. ఆనోవా (ట్రీట్‌మెంట్ల సగటుల మధ్య నిజంగా తేడా ఉందా అని చూసే పరీక్ష) నడిపితే ఎర్రర్ ఏమీ రాలేదు, పట్టిక కూడా బుద్ధిగా వచ్చింది. కానీ ట్రీట్‌మెంట్ ఎదురుగా డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 1 అని ఉంది. ట్రీట్‌మెంట్ల సంఖ్యకు అది ఒకటి తక్కువ, ఐదు ట్రీట్‌మెంట్లయితే 4 ఉండాలి కదా? ఆ కాలమ్‌ని ఫ్యాక్టర్‌గా, అంటే ఆ అంకెలు గుంపుల పేర్లే అని తెలిసేలా, మార్చకపోవడంతో ఆర్ వాటిని కొలతలనుకుని గీత గీసేసింది. ఇది నాకు ముందే తెలుసు అనుకోకండి. ఆ అమ్మాయే "అన్నా, క్లాసులో నాలుగని చెప్పారు కదా" అని అడిగింది. అందరం కలిసి హెల్ప్ పేజీ చదివి పట్టుకున్నాం.

మీకు పూర్తిగా రాదన్న టెన్షన్ అందుకే వద్దంటున్నాను. స్లైడ్లు మానేసి వాళ్ల ముందే టైప్ చేయండి. కామా మర్చిపోతారు, ఎర్రర్ వస్తుంది, దాన్ని పైకి చదివి సరిచేయండి. వాళ్లకు కావాల్సింది ఆ సరిచేయడమే. పరిశోధకులకు కోడింగ్ నేర్పే, 1998 నుంచి ఉన్న సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ వాళ్ల క్లాసుల్లో కూడా ఇలాగే నేర్పుతారు. రెండు రంగుల స్టిక్కీ నోట్ల పద్ధతి నేను వాళ్ల దగ్గర ఎత్తుకొచ్చిందే. పని అయినవాళ్లు ల్యాప్‌టాప్ మీద ఒక రంగుది అంటిస్తారు, ఆగిపోయినవాళ్లు ఇంకో రంగుది. నోరు తెరిచి అడగడానికి మొహమాటపడే మన పిల్లలకు ఇది భలే పనిచేసింది. వాళ్ల కీబోర్డు మాత్రం మీరు ముట్టుకోకండి. చేయి దురద పెడుతుంది, అయినా సరే.

ఇన్‌స్టలేషన్ శుక్రవారమే చేయించండి. మా మొదటి శనివారం గంటన్నరలో గంటంపావు దానికే పోయింది, మిగిలిన పావుగంట హాస్టల్ వైఫైని తిట్టడానికి.