సున్నా సరిచూశారా? ల్యాబ్, కంటి పరికరాలపై పాఠకుల ప్రశ్నలు

ఈ విడత ఉత్తరాల్లో కంటిలోపలి ఒత్తిడిని కొలిచే టోనోమీటర్ గురించి అడిగినవే ఎక్కువ. అందుకే దానికి ఎక్కువ చోటిచ్చి, తక్కినవాటికి క్లుప్తంగా జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా క్లినిక్‌లో స్లిట్ ల్యాంప్‌కి (కంటిని పెద్దగా చేసి చూసే మైక్రోస్కోప్‌కి) బిగించిన గోల్డ్‌మన్ టోనోమీటర్ వాడతాం. ఒకే మనిషికి, ఒకే కంటికి పొద్దున 18 వచ్చింది. మధ్యాహ్నం ఇంకొకరు చూస్తే 23 వచ్చింది. తప్పు పరికరానిదా, చూసినవాళ్లదా?

జవాబు: రెండూ కాకపోవచ్చు కూడా. ఆరోగ్యంగా ఉన్న కంట్లోనూ ఒత్తిడి రోజు మొత్తంలో 3 నుంచి 6 మి.మీ. మెర్క్యూరీ దాకా పెరిగి తగ్గుతుంటుంది. కాబట్టి 5 తేడా కనబడగానే ఎవరి మీదా నింద వేయలేం. కంటి ముందుండే పారదర్శక పొర, కార్నియా మందం మీదికి నెట్టేద్దామన్నా కుదరదు. కార్నియా సుమారు 520 మైక్రాన్లు ఉంటుందనుకుని ఈ పరికరం లెక్క కట్టారు, అంతకన్నా మందంగా ఉంటే ఎక్కువ చూపిస్తుంది, నిజమే. కానీ మీరు రెండుసార్లూ కొలిచింది ఆ ఒక్క కంటినే కదా.

ఇక తేల్చాల్సినవి క్యాలిబ్రేషన్ (పరికరం సరైన అంకె చూపిస్తోందా అన్నది), కొలిచే తీరు. మొదటిది ఐదు నిమిషాల పని.

కంటికి తాకే ప్రిజమ్‌ని హోల్డర్‌లో పెట్టి, టోనోమీటర్‌ని స్లిట్ ల్యాంప్ మీద మామూలుగా అమర్చండి. పక్కనుండే అంకెల చక్రాన్ని, అంటే డ్రమ్‌ని సున్నాకి తిప్పండి. ప్రిజమ్ ఉన్న ఆర్మ్ అటూ ఇటూ పడిపోకుండా మధ్యలో తేలుతుండాలి. డ్రమ్‌ని సున్నా గీతకి ఒక గీత మందమంత కిందికి, అంటే దాదాపు మైనస్ 0.05కి తిప్పితే ఆర్మ్ మీవైపు వాలాలి. సున్నాకి అంతే పైకి తిప్పితే రోగి వైపు వాలాలి. ఇప్పుడు పెట్టెలో ఉండే బరువు కడ్డీని బయటికి తీయండి. చాలా చోట్ల అది కొన్ననాటి నుంచి పెట్టె దాటి ఉండదు! కడ్డీ మీద ఐదు గీతలుంటాయి: నడిమిది సున్నా, దానికి రెండు పక్కలా 2, ఆ పైన రెండు పక్కలా 6. కడ్డీ పొడవు భాగం మీవైపు ఉండేలా 2 గీత దగ్గర బిగించండి. డ్రమ్ 1.95 దగ్గర ఆర్మ్ మీవైపు ఉండాలి, 2.05 దాటేసరికి రోగి వైపు వాలిపోవాలి. 6 గీత దగ్గర ఇదే పరీక్ష 5.9కి, 6.1కి మధ్య జరగాలి. డ్రమ్ మీది అంకెలు గ్రాములు. 1 గ్రాము అంటే 10 మి.మీ. మెర్క్యూరీ కాబట్టి, 2 దగ్గర పరీక్షించడమంటే 20 మి.మీ. దగ్గర పరీక్షించడమే. గ్లాకోమా (నీటికాసులు) నిర్ణయాలు ఎక్కువగా ఆ చుట్టుపక్కలే జరుగుతాయి కాబట్టి మూడింటిలోకీ ఇది ముఖ్యం.

ఆర్మ్ 2.2 దగ్గర గానీ కదలకపోతే పరికరం 2 మి.మీ. తప్పు చెబుతోందన్నమాట. స్క్రూలు విప్పకండి, సర్వీసుకి పంపండి. "చూపించినదాంట్లోంచి 2 తీసేయాలి" అని చీటీ రాసి అంటించుకునేవాళ్లున్నారు. అది మంచి పద్ధతి కాదు. 20 దగ్గర ఉన్న తేడా 60 దగ్గర అలాగే ఉండాలని లేదు, పైగా చీటీ ఊడిపోయిన రోజు ఎవరికీ ఏమీ గుర్తుండదు.

పరికరం నెగ్గితే కొలిచే తీరు చూడాలి. ప్రిజమ్ కార్నియాని 3.06 మి.మీ. వ్యాసం మేర చదును చేసినప్పుడు కార్నియా బిరుసూ, కన్నీటి తలతన్యతా ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఈ లెక్కంతా దాని మీదే నిలబడింది. కన్నీరు ఎక్కువై, కంట్లో వేసిన ఫ్లోరెసిన్ రంగుమందుతో కనిపించే ఆకుపచ్చ అర్ధవలయాలు లావుగా కనబడితే రీడింగు ఎక్కువ వస్తుంది, మరీ సన్నగా ఉంటే తక్కువ వస్తుంది. వలయం మందం దాని వ్యాసంలో పదో వంతుంటే సరిగ్గా ఉన్నట్టు. లావుగా ఉందంటే వెనక్కి జరిపి, ప్రిజమ్ కొసనీ కంటి అంచునీ పొడిగా అద్ది మళ్లీ చూడండి. రెండు అర్ధవలయాల లోపలి అంచులు తాకాలి, బయటివి కాదు. నాడి కొట్టుకున్నప్పుడల్లా అవి జరుగుతుంటాయి, ఆ ఊపుకి నడిమి చోట అంకె తీసుకోండి.

కానీ 18ని 23 చేసే దోషాల్లో మాకు ముందు అనుమానం వచ్చేది వేలి మీదే. రెప్ప ఎత్తి పట్టుకునేటప్పుడు వేలు ఎముక అంచు మీద ఆనకుండా కనుగుడ్డు మీద ఆనితే ఒత్తిడి ఇట్టే పెరుగుతుంది. బిగుతు కాలర్, ఊపిరి బిగబట్టడం, చుబుకం అందక మెడ సాచడం కూడా అంతే. దీనికి వ్యతిరేకమైనదీ ఒకటుంది: ఒకే కంటిని వెంటవెంటనే పదేపదే కొలిస్తే రీడింగు తగ్గుతూ పోతుంది. కంటి సిలిండర్ పవర్ (ఆస్టిగ్మాటిజం) 3 డయాప్టర్లు దాటితే మాత్రం ప్రిజమ్‌ని మైనస్ సిలిండర్ యాక్సిస్ హోల్డర్ మీది ఎర్ర గీతకి ఎదురుగా వచ్చేలా తిప్పుకోవాలి.

ప్రశ్న: ఒక్కో రోగికీ మధ్యలో ప్రిజమ్‌ని స్పిరిట్ దూదితో తుడిస్తే చాలదా?

జవాబు: చాలదు. కళ్లకలక తెచ్చే అడినోవైరస్ ఒక్క తుడుపుకి పోతుందని నమ్మడానికి లేదు. పైగా స్పిరిట్ రోజూ తగులుతుంటే ప్రిజమ్ అతుకు వదులై, కొస మీద సన్నటి పగుళ్లు వస్తాయి. మామూలు ఇంటి బ్లీచ్ ఒక వంతు, నీళ్లు తొమ్మిది వంతులు కలిపి, కొస మాత్రమే మునిగేలా 5 నిమిషాలు ఉంచడం అందరూ ఒప్పుకునే పద్ధతి. ఈ ద్రావణం ఏ రోజుకారోజు కలుపుకోవాలి. తయారీదారు పుస్తకంలో వేరేగా రాసి ఉంటే ఆ మాటే పాటించండి.

అసలు ప్రమాదం ఆ తర్వాత ఉంది. బాగా కడిగి ఆరబెట్టకుండా వాడితే మిగిలిపోయిన బ్లీచ్ కార్నియాని కాలుస్తుంది. కాబట్టి కనీసం రెండు ప్రిజమ్‌లు ఉంచుకుని, ఒకటి నానుతుండగా రెండోది వాడండి. వారానికోసారి ప్రిజమ్‌ని స్లిట్ ల్యాంప్ కిందే పెట్టి కొసని పెద్దగా చేసి చూడండి. గీత గానీ, చెక్కు గానీ, లోపల తేమ మరక గానీ కనబడితే దాన్ని ఇక వాడకూడదు.

ప్రశ్న: గ్రాములో నాలుగు దశాంశాల దాకా తూచే ఎనలిటికల్ బ్యాలెన్స్ మీద ఏం పెట్టినా చివరి అంకె ఆగదు. పై అంతస్తుకి మార్చిన దగ్గర్నుంచి ఇదే గొడవ.

జవాబు: అంకె ఎటు పోతోందో చెప్పి ఉంటే జవాబు సులువయ్యేది. ఒకే దిక్కున మెల్లగా పెరుగుతుంటే వస్తువు గాలిలో తేమ పీలుస్తోంది, లేదా ఓవెన్ నుంచి వేడివేడిగా తెచ్చి పెట్టారు. వేడి పాత్ర చుట్టూ గాలి పైకి లేచి దాన్ని కాస్త ఎత్తి పట్టుకుంటుంది కాబట్టి మొదట తక్కువ చూపించి, చల్లారేకొద్దీ పెరుగుతుంది. డెసికేటర్‌లో (తేమ పీల్చే మందున్న మూత పాత్రలో) గది వేడికి వచ్చేదాకా ఉంచి తూయండి. మెల్లగా తగ్గుతుంటే వస్తువు ఆవిరవుతోంది, లేదా ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాత్ర పెట్టారు. రెండు వైపులా ఊగుతుంటే గాలి తగులుతోంది: ఏసీ, ఫ్యాన్, తలుపు, లేదంటే కాళ్ల కింద అదిరే బల్ల. పెట్టిన ప్రతిసారీ వేరే అంకె వస్తూ, బ్యాలెన్స్ గాజు తలుపు జరిపితే అదీ మారుతుంటే స్థిర విద్యుత్తు అనుకోండి. ప్లాస్టిక్ బోటుతో, పొడి గాలిలో ఇది మామూలే. లోహపు పాత్రకి మారితే చాలావరకు పోతుంది.

అంతస్తు మారడం గురించి మీరు అనుమానించింది సబబే. 3 మీటర్లు పైకి వెళ్తే గురుత్వాకర్షణ దాదాపు పది లక్షల్లో ఒక వంతు తగ్గుతుంది. 100 గ్రాములకి అది 0.1 మి.గ్రా., అంటే సరిగ్గా మీ చివరి అంకెలో 1. అయితే దీనివల్ల అంకె తప్పు పడుతుందే గానీ ఊగదు. జరిపిన చోట నీటి బుడగ చూసి లెవెల్ చేసి, కనీసం గంటసేపు ఆన్‌లో ఉంచి, ఆ తర్వాత క్యాలిబ్రేట్ చేయండి. క్యాలిబ్రేషన్ బాటుకి తరగతి చూసుకోండి. 100 గ్రాముల ఎఫ్1 బాటుకి అనుమతించిన తేడా 0.5 మి.గ్రా., ఈ2 బాటుకి 0.16 మి.గ్రా. మీ బ్యాలెన్స్‌కి రెండోదే తగినది. వేళ్లతో ముట్టుకోకండి. వేలిముద్ర బరువు కూడా దాని మీద తెలుస్తుంది.

ప్రశ్న: 20 నుంచి 200 మైక్రోలీటర్ల పిపెట్‌ని నీళ్ల తూకంతో పరీక్షిస్తున్నాం. పది తూకాల్లో మొదటి రెండూ ఎప్పుడూ తక్కువే. వాటిని వదిలేసి సగటు కట్టొచ్చా?

జవాబు: వదిలేయడం కాదు, రాకుండా చూసుకోండి. పిపెట్‌కి తగిలించే కొత్త టిప్‌లో గాలి పొడిగా ఉంటుంది. మీరు పీల్చిన నీరు కొంత ఆవిరై ఆ గాలిని ఉబ్బిస్తుంది, ఆ మేరకు నీరు తక్కువ వస్తుంది. మూడుసార్లు పీల్చి వదిలి, లోపలి గాలి తేమ పట్టాక మొదలుపెడితే మొదటి రెండూ మిగతావాటితో కలుస్తాయి. టిప్‌ని నీటిలో 2, 3 మి.మీ. కన్నా లోతుగా ముంచొద్దు, పిపెట్‌ని నిటారుగా పట్టుకోండి, పీల్చాక ఒక సెకను ఆగి పైకి తీయండి.

తూకం నుంచి ఘనపరిమాణానికి వచ్చేటప్పుడు మి.గ్రా.లని 20 డిగ్రీల దగ్గర 1.0029తో, 25 దగ్గర 1.0040తో గుణించాలి. అంటే 25 డిగ్రీల దగ్గర 100 మైక్రోలీటర్ల నీరు 99.6 మి.గ్రా. తూగితే పిపెట్ సరిగ్గా ఉన్నట్టే, "0.4 తక్కువ" అని దాన్ని తిప్పకండి. చాలామంది గమనించని ఇంకో విషయం. పిపెట్ల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8655 ప్రకారం 200 పిపెట్‌కి అనుమతి 0.8 శాతం, అంటే 1.6 మైక్రోలీటర్లు. పిపెట్‌ని ఎంతకి తిప్పినా అనుమతి ఆ 1.6 మైక్రోలీటర్లే. 20కి తిప్పి వాడితే అది 8 శాతం అయిపోతుంది! 20 తీయాలంటే 20 పిపెట్టే తీసుకోండి. ఆ చిన్నదాన్ని పరీక్షించడానికి మీ నాలుగు దశాంశాల బ్యాలెన్స్ సరిపోదు, ఐదు కావాలి.

ప్రశ్న: పీహెచ్ ఎలక్ట్రోడ్‌ని శుభ్రంగా డిస్టిల్డ్ వాటర్‌లోనే ఉంచుతున్నాం. అయినా ఆర్నెల్లకే మందకొడిగా తయారవుతోంది.

జవాబు: ఆ డిస్టిల్డ్ వాటరే కారణం. అది ఎలక్ట్రోడ్ లోపలి ఉప్పుని మెల్లగా లాగేస్తుంది. 3 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో ఉంచండి: 22.4 గ్రాములు వేసి, నీటితో 100 మి.లీ.కి సరిచేస్తే చాలు. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 4, 7 బఫర్ల (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాల) మధ్య 177 మిల్లీవోల్టుల దాకా తేడా రావాలి. అందులో 90 శాతం కూడా రాకపోతే కొత్తది తెప్పించండి.

ప్రశ్న: మైక్రోస్కోప్‌లో 10ఎక్స్ బాగుంది, 40ఎక్స్ మాత్రం మంచు పట్టినట్టుంది. లెన్స్ పోయిందా?

జవాబు: ముందు స్లైడ్ తిరగబడలేదు కదా చూడండి, నవ్వకండి. తిరగబడితే 10ఎక్స్ ఫోకస్ అవుతుంది, 40ఎక్స్‌కి మధ్యలో ఒక మిల్లీమీటరు గాజు అడ్డొస్తుంది. అది కాకపోతే 100ఎక్స్ వాడాక నూనె ఉన్న స్లైడ్ మీదికి 40ఎక్స్‌ని తిప్పి ఉంటారు. లెన్స్ పేపర్‌కి రెండు చుక్కల లెన్స్ క్లీనర్ అద్ది, మధ్య నుంచి అంచుకి ఒక్కసారి తుడిచి ఆ కాగితం పారేయండి. చొక్కా కొంగు, దూది, గాజ్ వద్దు. కవర్ గ్లాస్ 0.17 మి.మీ. మందానిదే వాడండి, 40ఎక్స్ దానికే తయారైంది.

ప్రశ్న: ఒకే కళ్లద్దాన్ని, పవర్ కొలిచే లెన్సోమీటర్ మీద నేను చూస్తే మైనస్ 2.25, మా సహోద్యోగి చూస్తే మైనస్ 2.00. ఏది రాయాలి?

జవాబు: ఇద్దరూ అద్దం తీసేసి, ఖాళీగా చూడండి. గీతలు స్పష్టంగా ఉన్నప్పుడు డ్రమ్ సున్నా దగ్గర లేకపోతే ఐపీస్ మీ కంటికి సరిచేయలేదన్నమాట. ఐపీస్‌ని బయటికి పూర్తిగా తిప్పి, లోపలి నల్లగీతలు స్పష్టమయ్యేదాకా మెల్లగా లోపలికి తెచ్చి, స్పష్టమైన తొలి చోటనే ఆపండి. అది దాటి తిప్పితే మీ కన్ను దగ్గరి వస్తువుని చూస్తున్నట్టు బిగుసుకుంటుంది. ఆ పావు డయాప్టర్ తేడా అక్కణ్ణుంచే వచ్చి ఉంటుంది. సహోద్యోగి కూర్చున్నప్పుడు ఐపీస్‌ని మళ్లీ మొదటి నుంచి సరిచేసుకోవాలి, మీరు పెట్టిన చోటు ఆయన కంటికి పనికిరాదు.