ట్రైలర్ కుడివైపు మలుపు: మేనల్లుడికి ఉత్తరం

అల్లుడూ,

పది చక్రాల లారీ వదిలి ట్రైలర్ ఎక్కావని, పోర్టు నుంచి కంటైనర్లు తోలుతున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. బండి తోలడం నీకు కొత్త కాదు. కుడివైపు మలుపు గురించి మాత్రం నాలుగు మాటలు చెప్పాలనిపించింది. ఎడమ పక్క సరిగా కనపడదు కాబట్టి ఎడమకి తిప్పేటప్పుడు అందరూ జాగ్రత్తగానే ఉంటారు. స్టీరింగ్ కుడివైపే ఉంది, అంతా కళ్లముందే కదా అని కుడి మలుపుని తేలిగ్గా తీసుకుంటారు. హైవే మీద నాకు ఎక్కువ భయం వేసేది దాని గురించే.

40 అడుగుల కంటైనర్‌కి ముందు క్యాబిన్ కలిస్తే బండి 50 అడుగులు దాటుతుంది. ముందు చక్రాలు పోయిన దారిలో వెనక చక్రాలు రావు, మలుపు లోపలికి కోసుకుంటూ వస్తాయి. అందుకే కుడికి తిరిగేటప్పుడు పది చక్రాల బండిని కోసినట్టు ముందే స్టీరింగ్ కోయకు. జంక్షన్‌లోకి ఇంకాస్త నేరుగా పోనిచ్చి, అప్పుడు తిప్పు. లేకపోతే వెనక చక్రాలు డివైడర్ అంచు ఎక్కుతాయి, లేదా అక్కడ ఆగి ఉన్న మోటార్ సైకిల్ మీదికి పోతాయి. కొందరు చోటు కోసమని ముందు ఎడమకి లాగి, ఆ తర్వాత కుడికి కొడతారు. ఆ పని చేయొద్దు. ఎడమకి జరిగిన మరుక్షణం కుడి పక్కన సందు దొరికిందని ఆటోనో బైకో దూరేస్తుంది, నువ్వు తిప్పేది దాని మీదికే. చాలా ముందునుంచే ఇండికేటర్ వేసి, నెమ్మదిగా డివైడర్ వైపు లైన్లోకి వచ్చి, అక్కడే ఉండు.

ఇక అసలు ప్రమాదం ఊరి రోడ్డు నుంచి హైవే ఎక్కి కుడికి పోవాల్సి వచ్చినప్పుడు. గూడూరు నుంచి ఒంగోలు దాకా ఎక్కడైనా సరే, డివైడర్ మధ్య ఖాళీలో కారు ఆగుతుంది, నీ ట్రైలర్ పట్టదు. సగం దాటి, అవతలి వైపు బండ్లు పోయేదాకా ఆగుదామనుకుంటే నీ వెనక భాగం ఇవతలి రోడ్డుకి అడ్డంగా పడి ఉంటుంది. రాత్రిపూట కంటైనర్ పక్క భాగం కారువాడికి కనపడదు, దగ్గరికి వచ్చేదాకా అక్కడ గోడ ఉందని తెలియదు. లెక్క వేసి చూడు. లోడు బండి ఆగిన చోటు నుంచి ఫస్ట్ గేర్‌లో కదిలి, తోకతో సహా ఒక వైపు రోడ్డు దాటడానికే 15 సెకన్లు పట్టొచ్చు. గంటకు 100 కిలోమీటర్ల మీద వచ్చే కారు ఆ 15 సెకన్లలో 400 మీటర్లకు పైగా వస్తుంది. దూరంగా కనపడే లైటు నిజానికి దూరం కాదు. రెండు వైపులా ఖాళీ దొరికితేనే కదులు, ఒక వైపు ఖాళీ అయిందని కదలకు. దొరకకపోతే ఎడమకే తిరిగి, ఫ్లైఓవర్ కింద నుంచి చుట్టి రా. లీటరో రెండు లీటర్లో డీజిల్ ఎక్కువ పోతుంది, పోనీ. ఓనర్ ఫోన్ చేసి తొందరపెడితే మలుపు తిరిగాక మాట్లాడతానని చెప్పు.

ఎదుటి లారీవాడు ఆగి, చెయ్యి ఊపి రమ్మన్నాడనుకో, అది మర్యాదే. కానీ అతని పక్కనుంచి వచ్చే బైకు అతనికీ కనపడదు, నీకూ కనపడదు. ఇలాంటిచోట్లే మనుషులు పోతారు. అతని బండి ముందు నుంచి అంగుళం అంగుళంగా జరుగుతూ, అవతలి లైన్ కనపడేదాకా బ్రేక్ మీద కాలు తీయకు. హెడ్‌లైట్ కొడితే మాత్రం మన దగ్గర దానర్థం నువ్వు రా అని కాదు, నేను వస్తున్నా ఆగు అని. నేరుగా వచ్చేవాడికి దారి ఇవ్వాల్సింది ఎటూ మలుపు తిరిగేవాడే. నాలుగు ఇండికేటర్లూ కలిపి వేసి తిప్పేవాళ్లని చూసి నేర్చుకోకు. నువ్వు ఎటు పోతున్నావో ఎవరికీ అర్థం కాదు.

మలుపు కోసం ఆగి ఉన్నప్పుడు ముందు చక్రాలు నేరుగా ఉంచు. ముందే కుడికి తిప్పి పెట్టుకుంటే, వెనకనుంచి ఎవడైనా గుద్దినప్పుడు బండి ఎదురొచ్చే వాటి మీదికి పోతుంది. గేర్ కదలకముందే వేసుకో, మలుపు మధ్యలో మార్చొద్దు. క్యాబిన్ కుడికి వంగగానే ఎడమ అద్దంలో ట్రైలర్ కనపడకుండా పోతుంది. అదే సమయంలో వెనక ఎడమ మూల కొద్దిగా బయటికి విసురుతుంది. క్లీనర్ ఉంటే అతని కళ్లు అటే ఉండాలి, ఆ సమయంలో సెల్‌ఫోన్ వద్దు. ఇరుకు చోటైతే దిగి వెనక నిలబడి, అవసరమైతే బాడీ మీద చరిచి ఆపమను. క్లీనర్ లేని రోజు ఇంకా నిదానం.

చీమకుర్తి గ్రానైట్ దిమ్మలు తోలాల్సి వస్తే వేరే జాగ్రత్త. ఘనపు మీటరు రాయి దాదాపు 3 టన్నులుంటుంది. ఒంగోలు చేరేలోపు ఒకసారి దిగి గొలుసులు బిగువుగా ఉన్నాయో లేదో చూడు. మలుపులో మనిషి నడిచే వేగం దాటొద్దు. రొయ్యల కంటైనర్‌దీ అదే కథ. లోడు ఎత్తులో ఉంటుంది, వేగంగా తిప్పితే ఒరిగిపోతుంది.

పక్కన అంటించిన రిఫ్లెక్టర్ స్టిక్కర్లు రోజూ సాయంత్రం తడిగుడ్డతో తుడువు. పోర్టు రోడ్డు దుమ్ముకి ఒక్కరోజులోనే మెరుపు పోతుంది.

ఈసారి ఖాళీ బండి ఉన్న రోజు యార్డులో డివైడర్ అంచున్నట్టు ఒక రాయి పెట్టి, దాని చుట్టూ కుడికి తిప్పి చూడు. క్లీనర్‌ని పక్కన నిలబెట్టి, వెనక చక్రం రాయికి ఎంత దూరంలో పోయిందో గుర్తు పెట్టించు. రాయికి తగలకుండా తిరగాలంటే క్యాబిన్ ఎంత ముందుకి పోవాలో అక్కడ తెలిసిపోతుంది. నీ బండి లెక్క దొరికాక నాకు ఫోన్ చెయ్యి.

నీ మామయ్య