మిలిటరీ నుంచి వచ్చాక నిద్ర పట్టకపోతే విశ్వాసం తక్కువైనట్టా?

అన్నా, 17 ఏళ్ల సర్వీసు చేసి తిరుపతిలో స్థిరపడ్డానని, బాప్తిస్మం తీసుకున్నానని రాశారు. సంఘంలో “నీకు విడుదల వచ్చేసింది, లేచి సాక్ష్యం చెప్పు” అంటున్నారు, అంటే దేవుడు బాగుచేశాడని అందరి ముందు చెప్పమంటున్నారు, రాత్రిళ్లు మాత్రం మిలిటరీ నాటి పీడకలలు ఆగడం లేదు, విశ్వాసం తక్కువైనట్టా అని అడిగారు. కానే కాదు. పాపక్షమాపణ వేరు, ఒళ్లు నేర్చుకున్న భయం వేరు. మొదటిది నమ్మిన క్షణంలోనే దొరుకుతుంది. రెండోది దిగడానికి నెలలు పడుతుంది, మందులు కూడా కావాల్సి రావచ్చు.

లోపల ఏముందో ముందు విడదీసి చూసుకోండి. చేసిన పని గుచ్చుతుంటే ఒప్పుకోలు కావాలి. పక్కనున్నవాడు పోయిన దుఃఖమైతే ఒప్పుకోవడానికి అక్కడ పాపం లేదు, ఏడవడానికి చోటు కావాలి. బైబిల్లో 88వ కీర్తన చివరిదాకా చీకట్లోనే నడుస్తుంది, దాన్ని అలాగే ప్రార్థనగా చదవండి. సంఖ్యాకాండము 31లో యుద్ధం నుంచి వచ్చినవాళ్లు ఏడు రోజులు పాళెం బయట ఉండి, మూడో రోజు, ఏడో రోజు శుద్ధి చేసుకోవాలి. దేవుడు పంపిన యుద్ధానికే ఆ గడువు ఉందంటే, మీకు ఒక్క కూడికలో అంతా తేలిపోవాలనడం న్యాయం కాదు.

ప్రవక్త ఏలీయా చావు కోరుకున్నప్పుడు దేవదూత ముందు పెట్టింది రొట్టె, నీళ్లు. తిని మళ్లీ పడుకోనిచ్చాడు కూడా. నిద్ర చెడినవాళ్లు ఆల్‌నైట్ ప్రార్థనలకు పోవద్దని అందుకే గట్టిగా చెప్తాను. నిద్ర తగ్గేకొద్దీ ఉలికిపాటు, కోపం పెరుగుతాయి. పగటి ఆరాధనకు వెళ్లి, స్పీకరు బాక్సులకు దూరంగా, వెనక గోడకు ఆనుకుని, తలుపు కనిపించేలా కూర్చోండి. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఆరాధనలో ఒప్పుకోలు ప్రార్థన అందరూ కలిసి చెప్తారు. మిలిటరీలో అందరూ కలిసి చేసే మందిర్ పరేడ్ ఆరాధనకు అలవాటైనవాళ్లకు ఆ క్రమం తేలిగ్గా ఉంటుంది.

కల వచ్చి లేస్తే లైటు వేసి, పాదాలు నేలకు ఆనించి, “ఇది తిరుపతి, మా ఇల్లు” అని పైకి అనండి. నాలుగు లెక్కపెట్టేలోపు ఊపిరి తీసుకుని, ఆరు లెక్కపెడుతూ వదలండి. ఓ పదిసార్లు చాలు. తర్వాత 4వ కీర్తన చివరి వచనం చదివి పడుకోండి. ఆ వేళ ఏడ్చి ప్రార్థిస్తే నిద్ర ఇంకా చెదురుతుంది. ఇంట్లో వదినకు కూడా చెప్పండి: మీరు కలవరిస్తుంటే భుజం పట్టి లేపకూడదు, కాళ్ల వైపు కాస్త దూరంగా నిలబడి పేరు పెట్టి పిలవాలి.

మిలిటరీ క్యాంటీన్ రమ్ము రోజూ అలవాటుంటే ఇది అన్నిటికంటే ముఖ్యం. విడుదల వచ్చిందని ఒక్కరోజులో మానేస్తే కొన్ని గంటల్లోనే చేతులు వణుకుతాయి, రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత లేనివి కనిపించవచ్చు. దాన్ని దయ్యం అనుకుని ఉపవాస ప్రార్థనకు కూర్చోబెడితే ప్రాణం పోయే ప్రమాదం ఉంది. డాక్టరు చేతికిందే మానాలి. ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) పాలీక్లినిక్‌లో అడిగి సైకియాట్రీకి రెఫరల్ రాయించుకోండి. తిరుపతి రుయా ఆసుపత్రిలోనూ ఆ విభాగం ఉంది. చిత్తూరు వైపు వాళ్లకు వేలూరు సీఎంసీ ఆసుపత్రి దగ్గర, అక్కడ మానసిక వైద్యం బాగాయం ప్రాంతంలో ఉంటుంది. మాత్రలు ఇస్తే పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, ఉపవాసం పేరుతో మధ్యలో ఆపొద్దు.

సాక్ష్యం సంగతి పాస్టరు గారికి సూటిగా చెప్పండి: “అయ్యగారూ, మైకులో చెప్పను, మీతో విడిగా చెప్తాను.” నోరు జారని ఒక్క మనిషి చాలు. అక్కడ కూడా మనసులో ఉన్నది చెప్పండి, ఆపరేషన్ వివరాలు వద్దు. రిటైరైనా అధికార రహస్యాల చట్టం వర్తిస్తుంది.

బ్యాంకులో గన్‌మెన్‌గా చేస్తూ, చచ్చిపోవాలనే ఆలోచన వస్తుంటే, లైసెన్సు తుపాకీని ఆరోజే పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేసి 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ అది, రాత్రీపగలూ తెలుగులోనే మాట్లాడతారు.